ముత్యంపేటలో పండ్రెండు దినములు

ఈ యేడు మాఘమాసమున మా ఆడబిడ్డగారి కుమారునకు వివాహము కుదిరినది. "పది పన్నెండు రోజుల ముందే రావాలె వదినా, లేకుంటె నాకు చెయ్యాడది" అని ఆమె పలుమాఱు చెప్పుటచే మేమందఱమును ముందుగానే ముత్యంపేటకు బయలుదేరితిమి. పెండ్లి పనులలో సాయపడుటకై పోయితిమి గాని, అచ్చటికి పోయిన పిమ్మట అరిసెల పిండికంటెను, పందిరి గుంజలకంటెను వేరైన పని యొకటి మా పాలబడినది. ఆ పని యెట్టిదో మన సోదరీమణులకు తెలుపుట మేలని తోచి దీనిని వ్రాయుచున్నాము.

జగిత్యాల జిల్లాలో ముత్యంపేటలు రెండు కలవు. కొండగట్టు ఆంజనేయస్వామివారి కొండ మల్యాల మండలములోని ముత్యంపేట చెంత నున్నది. మా ఆడబిడ్డగారి యూరు మల్లాపూర్ మండలములోని ముత్యంపేట. ఈ భేదము తెలియని మా కారు నడుపు కుఱ్ఱవాడు కరీంనగరము దాటిన కొంతసేపటికే కొండ క్రింద బండి నిలిపి "వచ్చినం, దిగున్రి" అనెను. వచ్చినది ఎటులను స్వామి సన్నిధికే గదా యని దర్శనము చేసికొని, కోతులకు అరటిపండ్లు సమర్పించుకొని (మేమిచ్చినవి కొన్ని, అవి లాగుకొన్నవి కొన్ని), మరల దారి పట్టితిమి.

జగిత్యాల దాటి కోరుట్ల వైపు పోవుకొలది దారి కిరువైపుల పొలములు చూడ ముచ్చటగా నుండును. వరి, మొక్కజొన్న, మధ్యమధ్య పసుపు. మాఘమాసము పసుపు త్రవ్వు కాలము. త్రవ్విన కొమ్ములను చేనిలోనే పెద్ద పాత్రలలో నుడికించుచుందురు. ఆ యావిరి వాసన కారు కిటికీలు మూసినను లోనికి వచ్చుచుండెను. మన మొగములకు, మన గడపలకు వన్నె తెచ్చు పసుపు పుట్టునది ఇట్టి చోటులందే గదా యని తలంచుకొంటిమి. కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతమునుండి ఉత్తరముగా మల్లాపూర్ దారిని పోయి ముత్యంపేట చేరితిమి. ఇంకను ఉత్తరమునకు పోయిన గోదావరి వచ్చును.

ఊరు చేరకమునుపే కనబడునది చక్కెర కర్మాగారము. బోధనులోని శక్కర్‌నగరమున నిజాము ప్రభువుల కాలమున, 1937లో, నెలకొన్న నిజాం చక్కెర కర్మాగారమునకు ఇది శాఖ. 2002లో అధికభాగము ప్రైవేటువారి చేతికి పోయినది. 2015 డిసెంబరులో బోధను, మెదకు ప్రాంతపు మంబోజిపల్లి, ముత్యంపేట - ఈ మూడును ఒక్కమాఱుగా మూతపడినవి. మేము చూచిన నాడు గొట్టమునుండి పొగ లేదు. ఒకప్పుడు ఈ దినములలో చెరుకు బండ్లు బారులు తీఱి రాత్రింబవళ్లు నిలిచియుండెడివని మా ఆడబిడ్డగారి పెనిమిటి చెప్పిరి. మిల్లు మూతపడగానే అనేకులు చెరుకు మానిరి. మానని కొందఱు చెరుకును దూరపు మిల్లులకు తోలిరి, కొందఱు బెల్లమునకు దిగిరి. మా ఆడబిడ్డగారి యింట ఇప్పటికి ఒక యెకరము చెరుకు మిగిలియున్నది. అదియును పౌరుషముచేతనే గాని లాభముచేత గాదు. అయినను ఆ యెకరమే మాకు ఈసారి బడి యైనది.

ఇక అసలు సంగతికి వచ్చెదము. పెండ్లికొడుకునకు అక్క, మా మేనకోడలు, దుబాయిలో నుద్యోగము చేయుచున్నది. ఈ ప్రాంతమున ఇంటికొకరైనను గల్ఫు దేశముల కేగినవారు ఉందురనిన అతిశయోక్తి కాదేమో. అయితే పోయినవారిలో ఎక్కువమంది కూలి పనులకు పోయిన మగవారు. ఈ పిల్ల చదువుకొని లెక్కల పనిమీద పోయినది. మేము పోయిన మఱునాడే ఆమెయు దిగినది. కారు దిగినది మొదలు చున్నీతో నోరు కప్పుకొనియే యున్నది. జలుబు అనెను. అందఱును నమ్మితిమి, ఒక్క బాపమ్మ తప్ప.

బాపమ్మ యనగా ఆ పిల్ల తండ్రికి తల్లి. ఎనుబదేండ్లు దాటినవి. సిరిసిల్ల మగ్గములపై నేసిన బతుకమ్మ చీర కట్టుకొని అరుగుమీద కూర్చుండి, వచ్చుపోవువారి నెల్ల నిదానించి చూచుట ఆమె పని. రెండు కన్నులకును శుక్లములు తీయించుకొన్న పిమ్మట ఆమె చూపు మా చూపుకంటె వాడిగా నున్నది. మనుమరాలి చున్నీ ఒక్క క్షణము జాఱగానే, "ఏందే బిడ్డా, మూతికి తేనెటీగ కుట్టిందా?" అని గట్టిగా అడిగెను. పందిరివారు నలుగురు తిరిగి చూచిరి. పిల్ల లోనికి పరుగెత్తెను.

ఆ రాత్రి మిద్దెమీద మా ప్రక్కన పడుకొని అంతయు చెప్పినది. పది నెలల క్రిందట దుబాయిలో నొక చోట పెదవులకు సూదిమందు వేయించుకొన్నదట. దానిని ఫిల్లరు అందురు. పెదవి నిండుగా కనబడునని, ఆఱు నెలలలో తనంత తానే కరిగిపోవునని చెప్పిరట. పది నెలలైనను పోలేదు. పై పెదవి యొక ప్రక్క ఎత్తుగా నున్నది. వ్రేలితో నొక్కిన లోపల చిన్న గింజవంటిది తగులుచున్నది. "అత్తమ్మా, పెండ్లి ఫోటోలల్ల నేను ఇట్లనే ఉంటనా?" అని కన్నీరు పెట్టుకొనెను. అందుపైన మఱియొక సంగతి చెప్పినది. దగ్గఱి పట్టణములో నలంకారశాల నడుపు నొకామె, తక్కువ వెలకే "కరిగించు సూది" వేసెదనని ఫోనులో చెప్పినదట. మఱునాడే పోవలెనని పిల్ల నిశ్చయించుకొన్నది. ఏ మందు ఎక్కించిరో తెలియక కరిగించు మందు వేయించుకొందువా? రెండు దినములు ఆగుమని మేము బతిమాలితిమి.

ఆ రెండు దినములలో బెల్లము వండు పని వచ్చినది. పెండ్లి లడ్లకు, అరిసెలకు ఇంటి బెల్లమే కావలెనని బాపమ్మ పట్టు. మొదటి దినము కోసిన చెరుకులో కొంత గానుగ చెడిపోవుటచే ఆడక నిలిచిపోయినది. రెండవ దినము సాయంకాలమునకు గాని రసము తీయలేదు. ఇంటి యజమానుడు పెనము చుట్టు తిరుగుచు గొణగుకొనుచునే యుండెను. రసములో సున్నపు తేట పోసిరి, బెండకొమ్మల జిగురు పోసి మైల తీసిరి, పాకము కాచిరి. అయినను నిన్నటి చెరుకు పాకము సరిగా గట్టిపడలేదు. నాటి చెరుకు బెల్లము మాత్రము అచ్చునుండి టక్కున ఊడివచ్చినది.

దానికి కారణ మిది. కోసిన చెరుకు చచ్చినదని మన మనుకొందుము గాని దాని లోపలి పని నిలువదు. చెరుకులో ఇన్వర్టేజ్ అను నొక ఎంజైము కలదు. ఎంజైమనగా జీవపదార్థములను విడగొట్టుటయో కలుపుటయో చేయు సూక్ష్మమైన పనిముట్టు అనుకొనవచ్చును. ఇన్వర్టేజ్ చక్కెరను మధ్యకు కత్తిరించి గ్లూకోజు, ఫ్రక్టోజు అను రెండు చిన్న చక్కెరలుగా చేయును. ఇవియు తీయనివే గాని గట్టి పలుకు కట్టవు. అందుచేతనే మిల్లువారు కోసిన చెరుకును ఒక దినములోనే ఆడవలెనని తొందరపడుదురు. ఎండలు ముదిరిన కొలది ఈ కత్తిరింపు త్వరపడును. ఈ మాటలు మేము చెప్పుచుండగా మా మేనకోడలు పెనము పొగలో కన్నులు నులుముకొనుచు "నా పెదవిల ఉన్నదాన్ని కత్తిరించే కత్తెర లేదా అత్తమ్మా?" అనెను. ఉన్నది. ఉన్నదని మాకు తెలియును. అయితే ఆ పెదవిలో నున్నది ఆ కత్తెర తెగగోయునదేనా యను మాటయే తేలవలసియుండెను.

ఈ కాలమున ముఖమునకు వేయు ఫిల్లరులలో అధికభాగము హయాలురోనిక్ ఆమ్లము అను పదార్థముతో చేసినవి. పేరు విని జంకవలదు. అది గ్లూకోజునకు దగ్గఱి చుట్టములైన రెండు చక్కెరలు ఒకదాని వెనుక నొకటి వేలకొలది కూడిన పొడవైన గొలుసు. నానబెట్టిన సబ్జాగింజల చుట్టు గట్టు జిగురు, బెండకాయ జిగురు మన మెఱిగినవే. అవియు చక్కెరల గొలుసులే. నీటిని పట్టి యుంచుట వాని స్వభావము. ఇదియు నట్లే. మన చర్మములో, కన్నులో, కీళ్లలో ఇది పుట్టుకతోనే యున్నది. నిండు మనిషి శరీరములో సుమారు 15 గ్రాములుండునని, అందులో మూడవ వంతు ప్రతిదినము విఱిగి మరల పుట్టుచుండునని శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. 1934లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమున కార్ల్ మెయర్, జాన్ పామర్ అను నిరువురు దీనిని ఆవు కంటిలోని తేట గుజ్జునుండి మొట్టమొదట వేఱుచేసిరి. పిమ్మట కోడిపుంజు తురాయిలనుండి తీసిరి. ఇప్పుడు ఫిల్లరులకు గావలసినదానిని చక్కెర మేపిన సూక్ష్మజీవులచేత పులియబెట్టించి తీయుచున్నారు. అనగా పెదవిలో నెక్కినదియు ఒక విధముగా చక్కెర మిల్లు సరకే.

అయితే శరీరములోని సహజమైన గొలుసు ఒకటి రెండు దినములలో విఱిగిపోవుచుండగా, సూదితో నెక్కించినది నెలలకొలది ఎట్లు నిలుచును? దీనికి సిరిసిల్ల వెళ్లి మగ్గమును చూచినచో సమాధానము దొరకును. పడుగు దారములు మాత్రమే యున్నచో వ్రేలితో పాయలు చేయవచ్చును. పేక పడిన పిమ్మట అది బట్ట యగును. పాయలు తీయుట సులభము గాదు. ఫిల్లరు చేయువారును ఈ గొలుసుల నడుమ రసాయనికమైన అడ్డుముడులు వేసి, జావను ముద్దగా చేయుదురు. అందుకు బి.డి.డి.ఈ. అను పదార్థమును ఎక్కువగా వాడుదురు. ముడులు దట్టముగా నున్నకొలది శరీరములోని ఎంజైములకు లోనికి చొరబడుట కష్టమగును. వరుసగా అంచులనుండి కొఱుకుకొనుచు రావలెను. కరిగిన తునుకలు రక్తములో కలిసి, కాలేయములోను మూత్రపిండములలోను శుద్ధియై పోవును.

ఆఱు నెలలు, ఏడాది అని దుకాణములలో చెప్పు గడువు సరిగాదని ఇటీవల తేలినది. అయస్కాంత యంత్రమున, అనగా ఎం.ఆర్.ఐ. అను దానిలో, ముఖములను చూచిన వైద్యులకు రెండేండ్ల క్రిందట, అంతకుమించి చాల యేండ్ల క్రిందట వేయించుకొన్నది సైతము లోపల నిలిచియుండుట కనబడినది. కన్నుల క్రింద ముఖ్యముగా. పైకి కనబడుట తగ్గినంత మాత్రమున పూర్తిగా పోయినదని కాదు. మరల మరల వేయించుకొనువారికి పాతదానిపై క్రొత్తది చేరుచు ముఖము ఉబ్బినట్లగుట ఇందుచేతనే. ఈ సంగతిని సూది వేయు చోట చెప్పువారు తక్కువ.

మఱి మన కత్తెర మాట. దాని పేరు హయాలురోనిడేజ్. 1928లో డురాన్-రేనాల్స్ అను శాస్త్రజ్ఞుడు, మందును చర్మము క్రింద వేగముగా వ్యాపింపజేయు నొక గుణము కొన్ని జంతు కణజాలములలో నున్నదని కనుగొనెను. 1940 ప్రాంతమున చెయిన్, డుతీ అనువారు ఆ గుణమునకు మూలము హయాలురోనిక్ ఆమ్లమును తెగగోయు నీ ఎంజైమే యని తేల్చిరి. ఈ చెయిన్ పెన్సిలిన్ పనికి 1945లో నోబెల్ బహుమానము పొందిన వారిలో నొకడు. పాము విషములోను, తేలు విషములోను, తేనెటీగ విషములోను ఇది యున్నది. విషము త్వరగా వ్యాపించుటకు దారి చేయునది ఇదియే. బాపమ్మ తేనెటీగ మాట అనినప్పుడు ఆమె యెఱుగకయే పెదవిని కరిగించు మందు పేరు చెప్పినది!

ఇంతేగాదు. శుక్లము తీయుటకు కంటి ప్రక్కన వేయు మొద్దుబార్చు మందులో ఈ ఎంజైమును కలుపుట మన దేశమున చిరకాలపు వాడుక. మందు కంటి చుట్టు సమముగా పాకుటకై కలుపుదురు. బాపమ్మ కంటికిని బహుశః రెండు మాఱులు ఇది తగిలియే యుండును. నలుబదేండ్లుగా పల్లెటూరి ముసలమ్మల కండ్లకు పని చేయు మందే నేడు పట్టణపు పడుచుల పెదవులకు పని చేయుచున్నది.

కాని ఫిల్లరులలో ఈ కత్తెర హయాలురోనిక్ ఆమ్లపు జాతిని తప్ప మఱి దేనిని కోయదు. కాల్షియము రేణువులతో చేసిన ఫిల్లరులు, పాలీలాక్టిక్ ఆమ్లపు ఫిల్లరులు కాలక్రమమున శరీరములోనే విఱుగును గాని, ఈ మందునకు లొంగవు. అక్రిలిక్ గుండ్లు గలవియు, సిలికోను నూనెయు అసలే విఱుగవు. శస్త్రచికిత్స చేసి తీసినను మొత్తము రావు. ముందు తరములవారు ఈ పాఠమును కష్టముమీద నేర్చిరి. 1899లో వియన్నా నగరమున గెర్సూని అను శస్త్రవైద్యుడు పారఫిను మైనపు పదార్థమును శరీరములోనికి సూదితో నెక్కించుట ప్రారంభించెను. కొన్ని యేండ్లు దానికి గొప్ప ప్రచారము. తరువాత గడ్డలు కట్టుట, చోటు మాఱి జాఱుట, పుండ్లగుట కనబడినది. గ్లాడిస్ డీకన్ అను నమెరికా సుందరి ముక్కు తీరుగా నుండవలెనని పడుచుదనమున మైనము వేయించుకొన్నది. అది క్రిందికి జాఱి ముఖము చెడినది. ఆమె 1921లో మార్ల్‌బరో డ్యూకునకు భార్య యైనది. డచ్చెసు పదవి వచ్చినను మైనము మాత్రము వెనుకకు రాలేదు. నేటి ఫిల్లరులలో హయాలురోనిక్ జాతి యింతగా వ్యాపించుటకు - ఐరోపాలో 1996లోను, అమెరికాలో 2003లోను రెస్టిలేన్ అను పేర నొకటి వచ్చినది - వెనుకకు తీయగలుగుట యొక ముఖ్యకారణము.

మా మేనకోడలితో మేము చెప్పినది ఇంతే: "ముందు దాని పేరు కనుగొనుము." అదృష్టవశమున ఆ పిల్ల లెక్కల మనిషి. ఏ కాగితమును పాఱవేయదు. ఫిల్లరు పెట్టెతో సూదికొక చీటీ వచ్చును, దానిపై సరకు పేరును సంఖ్యయు నుండును. ఆ చీటీ అంటించిన కాగితమును ఫోనులో చిత్రము తీసి యుంచుకొన్నది. రాత్రి పదిగంటలకు వెదకి తీసినది. హయాలురోనిక్ జాతిదే. ఆ రాత్రి మేమిరువురము నిశ్చింతగా నిద్రపోతిమి. ఆ చీటీయే లేకున్నచో కథ వేఱుగా నుండెడిది.

అలంకారశాల ఆమె మరల ఫోను చేసినది. తన దగ్గఱ సూది లేని కలము కూడ కలదని, నొప్పి యుండదని, కావలసిన కరిగించి మరల నింపెదనని చెప్పెను. ఇట్టి కలములు ఒత్తిడిచే ద్రవమును చర్మములోనికి తోయును. ఎంత లోతునకు పోవునో, ఏ నాళములో బడునో చేతికి పట్టు లేదు. 2021 అక్టోబరులో అమెరికా ఔషధాధికారులు వీనిని ఫిల్లరులకు వాడవలదని హెచ్చరించిరి. ఆమె చెడ్డది గాదు. ముగ్గురు బిడ్డల తల్లి, సొంత సంపాదనమీద కుటుంబము నడుపుచున్నది. మెహెందీ పెట్టుటకు ఆమెనే పిలిచితిమి. సూది మాత్రము వద్దంటిమి.

పెండ్లికి తొమ్మిది దినము లుండగా కరీంనగరమున నొక చర్మవైద్యురాలి కడకు పిల్లను తీసికొనిపోయితిమి. రెండు గంటల ప్రయాణము. ఆమె పెదవిని తడవి చూచి, చీటీ చదివి, మొట్టమొదట అడిగిన ప్రశ్న యిది: "తేనెటీగగాని, కందిరీగగాని కుట్టినప్పుడు నీకు ఊపిరాడక పోవుటగాని, ఒడలెల్ల దద్దురులు లేచుటగాని ఎప్పుడైన కలిగినదా?" మా మేనకోడలు పకాలున నవ్వినది. వైద్యురాలు విస్తుపోయెను. బాపమ్మ మాట చెప్పగా ఆమెయు నవ్వి, "మీ బాపమ్మగారు సరిగానే అడిగినారు" అనెను. ఈగ విషములోని ఎంజైము పడని వారికి ఈ మందును పడకపోవు నవకాశము కలదు. కొన్ని సరకులు గొఱ్ఱె, ఎద్దుల వృషణములనుండి తీసినవి, కొన్ని మానవ ఎంజైమును పోలునట్లు ప్రయోగశాలలో పుట్టించినవి. శరీరము దేనికి తిరుగబడునో ముందుగా చెప్పరాదు. అందుచే ముంజేతిపై చిటికెడు మందు వేసి కొంతసేపు కూర్చుండబెట్టిరి. ఎఱుపు లేదు, దురద లేదు. అప్పుడు పెదవిలో గింజ యున్న చోట కొలదికొలదిగా వేసిరి.

సూది పడిన వెంటనే పెదవి ఇంకను వాచినది. పిల్ల అద్దము చూచి మరల కన్నీరు పెట్టుకొన్నది. ఇది సహజమేనని, ఒకటి రెండు దినములలో తగ్గునని, మందు పని మొదటి గంటలలోనే ఆరంభమై రెండు దినములలో ముగియునని వైద్యురాలు చెప్పిరి. శరీరమునకు సహజముగా నున్న గొలుసును సైతము ఇది కొంత కోయును గాని, ప్రతిదినము పుట్టుచుండునది గావున శరీరము దానిని మరల పూరించుకొనును. మిగిలినది చూచుటకు రెండు వారముల పిమ్మట రావలెననిరి. మరల నింపించుకొనవలెనన్నను అప్పటికి గాని వీలు లేదు.

ఆమె చెప్పిన మఱియొక సంగతి మమ్ము భయపెట్టినది. దానిని దాచక వ్రాయవలెను. వంకర పెదవి అందము మాట. దానికి తొందర లేదు. కాని ఫిల్లరు ఒక్కొక్కప్పుడు రక్తనాళములోనే పడవచ్చును. నాళము మూసికొనును. అప్పుడు తీవ్రమైన నొప్పి, చర్మము సున్నము కొట్టినట్లు తెల్లబాఱుట, పిమ్మట వలవలె నీలి గీతలు లేచుట కనబడును. వ్రేలితో నొక్కి విడిచిన చోట ఎఱుపు వెంటనే రాదు. నొప్పి లేకయు జరుగవచ్చును, ఏలయనగా మొద్దుబార్చు మందు ఫిల్లరులోనే కలిపి యుందురు. ముక్కు, కనుబొమల నడిమి చోటు, నుదురు మిక్కిలి అపాయకరమైన స్థలములు. అచ్చటి నాళములు కంటి నాళములతో కలియుచున్నవి. చూపు పోయినవారును కలరు. కంటి లోపలి పొర రక్తము లేక గంటన్నరకు మించి నిలువజాలదు. చూపు మసకబాఱినచో తెల్లవాఱువఱకు ఆగుట యెంతమాత్రమును తగదు. చర్మపు మాటయైనను గంటలలోని పనియే. ఇదే ఎంజైమును అప్పుడు పెద్ద మోతాదులలో గంటగంటకు వేయుదురు. త్వరగా వేసినచో చర్మము దక్కును. అందుచేత ఫిల్లరు వేయువారి అలమరలో హయాలురోనిడేజ్ ఉన్నదా యని ముందే అడుగుట సిగ్గుపడవలసిన పని గాదు. లేదనిరా, చెప్పులు తొడుగుకొని బయటికి వచ్చుటయే.

దుబాయిలో ఆ ప్రశ్న అడిగితివా యని మేనకోడలిని అడిగితిమి. "ధర మాత్రమే అడిగిన అత్తమ్మా" అనెను.

మూడవ దినము ఉదయమున పిల్ల చున్నీ లేకుండ అరుగుమీదికి వచ్చినది. గింజ లేదు. వాపు లేదు. పై పెదవి ప్రక్కన చిన్న నల్లని కమిలిన మచ్చ మాత్రము మిగిలినది. అదియు పెండ్లినాటికి పసుపులో కలిసిపోయినది. మునుపటి పెదవి యిదియేనా యని మేము పరకాయించి చూచితిమి. మాకు అట్లే కనబడినది. పిల్లకు మాత్రము "కొంచెం సన్నగైనట్లున్నది" అని సందేహము. పదినెలలు అద్దములో వేఱొక పెదవిని చూచి చూచి తన పెదవినే మఱచినది కాబోలు. బాపమ్మ గడ్డము పట్టి వెలుతురు వైపు త్రిప్పి చూచి "ఇగ విషం దిగింది" అని, చేతిలోని చెరుకుముక్కను సగము విఱిచి యిచ్చెను.

పెండ్లి బాగుగ జరిగినది. ఫోటోలలో మా మేనకోడలు నోరార నవ్వినది. మేము వచ్చునప్పుడు ఆడబిడ్డగారు రెండు బెల్లపు ముద్దలు కట్టి యిచ్చిరి. ఒకటి గట్టిది, ఒకటి నిలిచిపోయిన చెరుకుదైన ఆ మెత్తది. గట్టిదానిని డబ్బాలో దాచితిమి. మెత్తనిది ఇప్పటికిని గట్టిపడలేదు. మొన్న దానితో పరమాన్నము వండితిమి, పిల్లలు గిన్నె నాకిరి.